పేరు చెప్పని ఆకు

సోమవారం నుంచి సువార్తమ్మ ఒక చోట కూర్చున్న పాపాన పోలేదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే వాకిట్లోకి వస్తుంది, వచ్చాక ఎందుకొచ్చిందో మరిచిపోయి మళ్ళీ లోపలికి పోతుంది. పొయ్యి మీద అన్నం మాడిపోయింది. బర్రెకు కుడితి పెట్టి, పెట్టలేదనుకుని మళ్ళీ పెట్టింది. బర్రెకేం పోయింది, రెండు సార్లూ తాగింది.

“ఏందీ, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావ్? కూసోమే కాసేపు,” అన్నాడు మొగుడు యేసుదాసు మంచం మీద నుంచి.

“నువ్వు కూసోనుండావు గదా! ఇంటికొకరు కూసుంటే సాలు.”

ఆయన నోరు మూసుకున్నాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఎప్పుడు మూసుకోవాలో బాగానే నేర్చుకున్నాడు.

వాళ్ళది ఆళ్ళగడ్డకు నాలుగు మైళ్ళ దూరంలో, కేసీ కాలవ గట్టు కింద ఊరు. కొలిమిగుండ్ల దిక్కు నుంచి పదిహేడేళ్ళకు కోడలిగా వచ్చింది సువార్తమ్మ. ఇప్పుడు అరవై ఒకటి. వరి నాటింది, మిరపకాయలు కోసింది, పన్నెండేళ్ళు బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండి పెట్టింది. ఏ పనిలోనూ వంక పెట్టించుకోలేదు. అయినా ఆమెను పది ఊళ్ళ వాళ్ళు ఎరిగింది వీటి వల్ల కాదు. పచ్చకామెర్లకు ఆకు కట్టే సువార్తమ్మ అంటే చాలు, చాగలమర్రి బస్సు కండక్టరు బస్సాపి మరీ ఇల్లు చూపిస్తాడు.

మందు ఆమె తల్లి లూదియా నుంచి వచ్చింది. ఆదివారం పొద్దు పొడవక ముందే కాలవ ఊటకు పోవాలి. దారిలో ఎవరు పలకరించినా పలకకూడదు. అక్కడ తడినేలలో పచ్చపువ్వు పూసే మొక్కను వెతికి, లేత కొమ్మ గిల్లుకుని రావాలి. ఇంట్లో రాతి మీద నూరి, ప్రార్థన చేసి, రేగ్గింజంత ముద్దను మణికట్టు మీద పెట్టి గుడ్డ కట్టాలి. మగవాళ్ళకు కుడిచెయ్యి, ఆడవాళ్ళకు ఎడమచెయ్యి. మర్నాటికి బొబ్బ లేస్తుంది. అది చితికి పచ్చటి నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళతోనే ఒంట్లో ఉన్న కామెర్లు దిగిపోతాయని అందరి నమ్మకం. పచ్చదనం కారిపోవడం కళ్ళారా కనిపిస్తుంటే నమ్మక ఏం చేస్తారు? ఊళ్ళో సగం మంది మణికట్ల మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. ఇలాంటి మందులు మానమని మందలించే పాస్టరు గారి మణికట్టు మీదా ఉంది, కాకపోతే ఆయన చొక్కా చేతికి గుండీ పెట్టుకుంటాడు.

మందుకు ప్రతిఫలం ముట్టదు సువార్తమ్మ. కొబ్బరికాయ ఇచ్చినా వద్దంటుంది. కోపిష్టిదే, నోరు పెద్దదే, కానీ ఆకు కట్టేటప్పుడు మాత్రం పసిబిడ్డకు నీళ్ళు పోస్తున్నంత మెత్తగా కడుతుంది. ముప్పై నాలుగేళ్ళుగా అదే ఆమె గర్వం. దాచుకోవడం కూడా చేతకాదు ఆమెకు.

ఇంతకీ సోమవారం జరిగింది ఏమిటంటే, మంజులను నంద్యాల ఆసుపత్రిలో చేర్చారు.

మంజుల రెండిళ్ళ అవతల ఉండే దర్జీ పిల్ల. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. ఊళ్ళో పెళ్ళి కుదిరితే ముహూర్తం తర్వాత అడిగే మొదటి మాట, జాకెట్లకు మంజుల ఖాళీగా ఉందా అని. ఆ పిల్లకు కామెర్లు వచ్చాయి. కిందటి ఆదివారానికి ముందు ఆదివారం సువార్తమ్మే ఆకు కట్టింది. బొబ్బ లేచింది, చితికింది. అంతవరకు మామూలే. తర్వాత పుండు ఆగలేదు. అరచేతిలోకి పాకింది, చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది, వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. కుట్టుపని చేసే చెయ్యి!

బుధవారం ఇక ఉండబట్టలేక సువార్తమ్మ నంద్యాల బస్సెక్కింది. సీటు దొరికినా నిలబడే పోయింది.

ఆసుపత్రి వార్డులో మంజుల పక్కన ఆమె తల్లి రెబెకా కూర్చుని ఉంది. సువార్తమ్మను చూడగానే రెబెకా లేచి చోటిచ్చింది. తిడుతుందేమో అనుకుంది సువార్తమ్మ. తిట్టినా బాగుండేది.

“రా అక్కా. ఇంత దూరం ఎందుకొస్తివి?” అంది రెబెకా.

మంజుల చేతిని దిండు మీద ఎత్తి పెట్టారు. కట్టు మీదకు తడి ఊరి ఉంది. “పెద్దమ్మా, నువ్వు దిగులు పడొద్దు. నీ మందులో తప్పుండదు. నేనే ఆ చేత్తో ఏందో ముట్టింటా,” అంది మంజుల.

సువార్తమ్మ ఏదో చెప్పబోతుంటే డాక్టరమ్మ వచ్చింది. జ్యోత్స్న అని పేరు, చిన్న వయసు, నిదానం మనిషి.

“ఆకు కట్టింది మీరేనా అమ్మా? ఏ ఆకు అది?”

“పేరు తెల్దు మేడం.”

“ముప్పై ఏళ్ళుగా కడుతున్నారట. పేరు తెలియకపోవడం ఏంటి?”

“పేరు నోట్లోంచి వస్తే మందు పన్జెయ్యదు మేడం. మా యమ్మ గూడా నాకు జెప్పల్యా. మా ఊరికొచ్చినప్పుడు చెయ్యి పట్టుకోని ఊట కాడికి తీస్కపోయి ఇదీ అని ముట్టించింది, అంతే.”

అది ఆ మందుకున్న మొదటి కట్టుబాటు. సువార్తమ్మ తల్లికి ఆమె తల్లి కూడా అంతే చేసింది. పేరు ఉందో లేదో, ఉంటే ఎన్ని తరాల కింద పోయిందో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు, అడగడమే తప్పు మరి.

డాక్టరమ్మ విసుక్కోలేదు. “చూడండమ్మా, ఇది కాలిన పుండులా ఉంది. ఆకు రసం కాల్చిందా, పురుగేదైనా కుట్టిందా తెలియక అన్నిటికీ కలిపి మందులు వాడుతున్నాను. అదేంటో తెలిస్తే దానికి తగినట్టు చూస్తాను. చెయ్యి బాగుపడాలంటే నాకు ఆ మొక్క కావాలి. నాకు చెట్లు తెలియవు. డిగ్రీ కాలేజీలో ఫణీంద్ర సార్ అని మొక్కల గురించి పాఠాలు చెప్పే ఆయన ఉన్నారు. ఆయనకు చూపించి, ఆయన చెప్పింది నాకు చెప్పండి,” అంది.

తిరుగు బస్సులో సువార్తమ్మకు ఒక ఆలోచన తట్టింది. మంజులకు కట్టిన ఆదివారం మంచు దట్టంగా కురిసింది, చేతులు కొంకర్లు పోయాయి. ఊటలో పచ్చపువ్వులు ఒక రకమా ఏమన్నా? మొద్దుబారిన వేళ్ళతో పక్క మొక్కను గిల్లి ఉంటేనో? ఎంతవారైనా తన వల్ల తప్పు జరగలేదని తేలాలనే కోరుకుంటారు. ఈమె మాత్రం తప్పు చేశానని తేలితే బాగుండునని దేవుణ్ణి వేడుకుంది. ఆ ఒక్క రోజు చెయ్యి తప్పితే పోయేది ఆ రోజే. చెయ్యి తప్పకపోతే ముప్పై నాలుగేళ్ళు పోతాయి, వాటి వెనక అమ్మ కూడా పోతుంది.

గురువారం పొద్దెక్కాక ఊటకు పోయింది. పొద్దెక్కాక ఆ పని మీద అక్కడికి పోవడం ఆమెకు ఇదే మొదలు. గట్టు కింద నీళ్ళు ఊరి, గరిక ఒత్తుగా పెరిగి, మధ్యమధ్య జమ్ము లేచి, నేల మెత్తగా ఉంది. ఎండలో చూస్తే ఎక్కడ చూసినా పచ్చపువ్వులే. తల తిరిగిపోయింది ఆమెకు. ముప్పై నాలుగేళ్ళుగా మసక చీకట్లో గిల్లుకుపోయిన పువ్వును వెలుతురులో గుర్తుపట్టలేకపోయింది! ఎంత సిగ్గు! అటు నడిచింది, ఇటు నడిచింది, బురదలో కూరుకుపోయింది, చెప్పు ఊడి వచ్చింది, దాన్ని తిట్టింది.

చివరికి కళ్ళు గట్టిగా మూసుకుంది. వంగి, గరికలో చెయ్యి పెట్టి తడుముకుంటూ పోయింది. ఒక కాడ తగిలింది, గట్టిగా నారలా ఉంది, కాదు. ఇంకొకటి నూగుగా గరుకుగా తగిలింది, కాదు. మూడోది నున్నగా, లోపల బోలుగా, ఒత్తితే చటుక్కున విరిగేలా ఉంది. వేళ్ళకు అది తెలుసు. కళ్ళు తెరిచి చూసుకుంది. ఐదు రేకుల చిన్న పువ్వు, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఎంత అందంగా ఉంది! ఇన్నేళ్ళలో దాని ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు.

గట్టు మీద నుంచి యేసుదాసు అరిచాడు. “ఒమే! కండ్లు మూసుకోని ఏం యెతుకుతాండావ్ ఆడ?”

“నీ తెలివి! యాడన్నా దొరుకుతాదేమో అని.”

మూడు రకాలూ వేర్లతో సహా పెరికి, తడిగుడ్డలో చుట్టి, మర్నాడు పొద్దున మొదటి బస్సుకే నంద్యాల పోయింది.

ఫణీంద్ర సార్ కాలేజీ గదిలో బల్ల మీద పాత పేపరు పరిచి మూడు మొక్కలూ వరసగా పెట్టించాడు. సువార్తమ్మ ఏది తనదో చెప్పలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు కూడా.

“వీటిల్లో ఒకటి చెయ్యి కాలుస్తాది సార్. ఏదో జెప్పండి,” అంది.

ఆయన గట్టికాడ ఉన్నదాన్ని తీసుకున్నాడు. “దీనికి నాలుగు రేకులు చూడండమ్మా. కింద లవంగంలా పొడుగ్గా కాయ. నీళ్ళ పక్కన ఎక్కడైనా వస్తుంది. ఇది ఏమీ చేయదు.”

సువార్తమ్మ బల్ల అంచు పట్టుకుంది.

రెండోది తీశాడు. “ఇది పచ్చ గుంటగలగర. మీకు రేకుల్లా కనిపించేవి ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు. అన్నీ గుంపుగా ఉండి ఒకే పువ్వులా కనిపిస్తాయి. తలనూనెలో కాచుకుంటారే, దానికి చుట్టం. ఇదీ ఏం చేయదు.”

మూడోదాని దగ్గరకు వచ్చేసరికి భూతద్దం తెచ్చాడు. రేకులు లెక్కపెట్టాడు, ఐదు. వాటి మెరుపు చూశాడు. మధ్యలో మొక్కజొన్న పొత్తుకు పిల్లలా ఉన్న పచ్చటి ముడి చూశాడు. కాడను బ్లేడుతో కోసి లోపలి బోలు చూశాడు. ఆకు మూడు పాయలుగా చీలి ఉండటం చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఎక్కడ దొరికిందమ్మా ఇది? ఆళ్ళగడ్డ దగ్గరా? అబ్బా! ఇది మన దేశం మొక్కే, ఉత్తరాది తడినేలల్లో చలికాలం పూస్తుంది. మన దిక్కున నేను ఇంతవరకు చూడలేదు. బటర్‌కప్ అంటారు దీన్ని,” అంటూ ఫోను తీసి అటు నుంచి ఒక ఫొటో, ఇటు నుంచి ఒక ఫొటో తీసుకోవడం మొదలుపెట్టాడు.

“కాల్చేది ఏదో జెప్పండి సార్.”

“ఇదేనమ్మా. పచ్చి ఆకు నలిపితే దీని రసం చర్మాన్ని కాల్చేస్తుంది, బొబ్బలు లేస్తాయి. పశువులు కూడా మూతి పెట్టవు.”

నిజమే. ఊటలో గరికంతా నున్నగా మేసినా బర్రె ఆ మొక్కను వదిలేసేది. అది మసక చీకట్లో తడిమినప్పుడల్లా ఆమె చేతికి తెలిసిన సంగతే. తెలిసి, దేవుడు మందు కోసం దాచి పెట్టాడని అనుకునేది.

“సార్, ఇంకోసారి సూడండి. ఆ రెండిట్లో ఏదన్నా, మంచు పడినప్పుడు గాని, ముదిరినాక గాని, బొబ్బ లేపుతాదేమో.”

“లేపదమ్మా. ఆ రెండూ ఎంత నూరి కట్టినా బొబ్బ రాదు.”

ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. బొబ్బ లేవని మందు ఆమె ఏనాడూ కట్టలేదు. ఆమె తల్లీ కట్టలేదు. ఏడేళ్ళప్పుడు తనకే కామెర్లు వచ్చి అమ్మ కట్టింది. మూడు వారాలు చెయ్యి మండిపోతుంటే, జబ్బు దిగుతోంది ఓర్చుకోమ్మా అని అమ్మ చెయ్యి ఊదుతూ కూర్చుంది. అది జబ్బు దిగడం కాదు, ఒట్టి కాలడం. అమ్మకూ తెలియదు పాపం. ఆమెకూ ఎవరూ చెప్పలేదు.

“మరి పచ్చనీళ్ళు కారతాయి గదా సార్? కామెర్లు తగ్గినాయి గదా అంతమందికి?”

“ఏ బొబ్బ చితికినా అలాంటి నీళ్ళే వస్తాయమ్మా. కామెర్లు చాలామందికి పథ్యంతో, విశ్రాంతితో వాటంతట అవే తగ్గుతాయి. తగ్గనివాళ్ళకు మాత్రం ఆసుపత్రే దిక్కు,” అన్నాడాయన. అప్పటికి గాని ఆమె ముఖం చూడలేదు. చూశాక ఫోను బల్ల మీద పెట్టేశాడు. “ఇది మీరు కట్టే మందా అమ్మా?”

“గొడ్డు ముట్టనిది మనుషులకు కట్టినా సార్,” అంది సువార్తమ్మ.

ఆ పేరు కాగితం మీద రాయించుకుని ఆసుపత్రికి నడిచింది. ఆటో ఎక్కమంటే ఎక్కలేదు, పిచ్చిదానిలా మధ్యాహ్నపుటెండలో నడిచింది. జ్యోత్స్న ఆ కాగితం చదివి, నర్సును పిలిచి ఒకటి రెండు మందులు ఆపించింది, కట్టు మార్పించింది. చెయ్యి దక్కుతుందని చెప్పింది. చివరి రెండు వేళ్ళు మాత్రం మునుపటిలా వంగుతాయని మాట ఇవ్వలేనంది.

సువార్తమ్మ మంజుల మంచం దగ్గరకు పోయి నిలబడింది. “తప్పు నాదేమ్మా. నువ్వేం ముట్టలేదు. నేను కట్టిన ఆకే కాల్చింది. దాని పేరు బటర్‌కప్పంట, అది మనిషి తోలు కాల్చే మొక్కంట. సార్ అద్దం పెట్టి సూసి జెప్పినాడు.”

రెబెకా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మంజుల కట్టు వంక చూసుకుంది. పెద్దమ్మ మీద కోపం తెచ్చుకోవడం ఆ పిల్లకు కొత్త, ఎట్లా తెచ్చుకోవాలో తెలియనట్టుంది.

“ఈ పేరు నాకు ముందే తెలిసింటే ఎవరినన్నా అడిగేదాన్ని,” అంది. “ఫోన్లోనన్నా సూసేదాన్ని. చెయ్యి ఇచ్చేదాన్నా పెద్దమ్మా?” అని అటు తిరిగి పడుకుంది.

సువార్తమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. వార్డు బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడ్చి ముఖం కడుక్కుని బస్టాండుకు పోయింది.

శనివారం సాయంత్రం యేసుదాసు మెల్లిగా కదిపాడు. “రేప్పొద్దున ఎవరన్నా వస్తే ఏం జెప్తావ్? ఒంట్లో బాగలేదని జెప్పు. పదిసార్లు అట్లంటే వాళ్ళే రావడం మానుకుంటారు. మీయమ్మ పేరు గూడా నిలబడ్తాది.”

అది మంచి ఉపాయమే. సువార్తమ్మ చాలాసేపు దాని గురించి ఆలోచిస్తూ వాకిట్లో తిరిగింది. తను ఒంట్లో బాగలేదంటే వాళ్ళు ఊరుకుంటారా? ఇంకో ఊళ్ళో ఇంకొకరి దగ్గరకు పోతారు. అక్కడ వాళ్ళు కూడా నోరు మూసుకునే కడతారు.

ఆదివారం పొద్దు పొడిచేసరికి గడప ముందు ఇద్దరున్నారు. రామలక్ష్మమ్మ అని చాగలమర్రిలో చిల్లర అంగడి నడిపే ఆమె, ఆమె మొగుడు కేశవులు. ఆయన కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. అరుగు మీద కూలబడి, కుడిచేతి చొక్కా అప్పుడే మడిచి పెట్టుకున్నాడు. రామలక్ష్మమ్మ నాలుగేళ్ళ కింద తన కామెర్లకు ఇక్కడే కట్టించుకుంది. కట్టుబాట్లన్నీ ఆమెకు తెలుసు. సువార్తమ్మ ఊట నుంచి వచ్చిందనుకుని పలకరించకుండా చేతులు జోడించింది.

“నేను ఊటకు పోలేదు రామలక్ష్మమ్మా. ఇంక పోను. ఆ మందు మందు గాదు. లెయ్యండి, ఏడున్నరకు నంద్యాల బస్సుంది. నెత్తురు పరీక్ష చేయించాల ఈయనకు.”

“అదేంది తల్లీ అట్లంటావ్? నాకు తగ్గింది గదా!”

“నీకు పథ్యంతో తగ్గింది. నా ఆకు నీ తోలు కాల్చింది, అంతే. మా మంజుల చెయ్యి జూడు పోయి, ఆసుపత్రిలో ఉంది. ఆ ఆకు పేరు జెప్తా ఇను. నువ్వు చాగలమర్రి పోయి నీ అంగడికి వచ్చేటోళ్ళందరికీ జెప్పు.”

“వద్దు!” అని ఒక్క కేక పెట్టింది రామలక్ష్మమ్మ. “చెప్పొద్దు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా! చెబితే ఇంక పన్జెయ్యదు గదా! ఈయన ఏమైపోవాల?”

“బటర్‌కప్పు,” అంది సువార్తమ్మ.

రామలక్ష్మమ్మ ఒక్క ఉదుటున పోయి మొగుడి రెండు చెవులూ అరచేతులతో మూసేసింది. తనకు వినిపించినా ఫరవాలేదు, ఆయన చెవిన పడకుంటే ఆయనకన్నా మందు పని చేస్తుందేమో అని. మొగుడి తలను గుండెకు అదుముకుని బొటబొటా కన్నీళ్ళు కారుస్తూ, సువార్తమ్మ వంక శత్రువును చూసినట్టు చూసింది. కేశవులు పచ్చటి కళ్ళతో బిక్కచచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

సువార్తమ్మ ఆ అరుగు మీద, ఆయన పక్కన కూర్చుంది. రామలక్ష్మమ్మ చేతుల్ని ఒక్కొక్కటిగా, నొప్పి కలగకుండా, ఆయన చెవుల మీద నుంచి తీసింది. తీసి, ఆ పేరును ఆయన చెవిలో ఇంకోసారి చెప్పింది.